చీమలు పట్టిన విషం

"మందు నేనే కలిపానండీ," అన్నాడు మేస్త్రి.

"విన్నారుగా!" ఇన్‌స్పెక్టర్ బల్ల మీద లాఠీ ఆనించి కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్న సాయంత్రం నుంచీ ఇదే మాట. ఒంటి మీద చెయ్యి వేస్తే ఒట్టు. అడగ్గానే ఒప్పేసుకున్నాడు. నా సర్వీసులో ఇంత మర్యాదస్తుడైన హంతకుణ్ణి చూడలేదు."

"చచ్చినవాళ్లెవరూ లేరుగా? అప్పుడే హంతకుడెలా అయ్యాడు నాయనా?" అంది బల్లకు ఇవతల కూర్చున్న ఆవిడ.

"స్టేషన్లో నాయనా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను వదినా," అని ఇన్‌స్పెక్టర్ గుసగుసలాడి, అంతలోనే తేరుకుని, "మేడమ్!" అని గట్టిగా అన్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ గోడవైపు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు.

ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ సంగతైనా కూపీ లాగందే వదలదు కాబట్టి అందరూ కూపీ అనే పిలుస్తారు. ప్రైవేటు డిటెక్టివ్ పని ఆమెది. ఇన్‌స్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. ఇంట్లో వదిన వడ్డిస్తే రెండోసారి అడిగి మరీ పెట్టించుకుంటాడు గానీ, స్టేషన్లో ఆమె చెప్పుల చప్పుడు వింటే చాలు, తిన్నది అరగదు.

కేసు చూడబోతే అరచేతిలో పెట్టినంత తేలిక. నిన్న మధ్యాహ్నం పళ్లరసం ఫ్యాక్టరీకి ఒక టోకు వ్యాపారి వచ్చాడు. 'మందు లేని స్వచ్ఛమైన రసం' అని కొత్త లేబుల్ వేసిన సీసాలు లారీల కొద్దీ కొనాలని ఆయన ఉద్దేశం. కొనేముందు ప్రతి రుచీ చూడాలన్నాడు. చూడటమంటే చుక్క నాలిక్కి రాసుకోవడం కాదు, పట్టుదల మనిషి, సీసా తర్వాత సీసా ఖాళీ చేశాడు. ఆ తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి, నాలుక మందమైంది, షోరూమ్ మధ్యలో ఉన్న స్తంభాన్ని కావలించుకుని ఏడ్చి, దాని పాదాల దగ్గరే పడిపోయాడు. ఆస్పత్రి నుంచి డాక్టరు ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, "ఆయన ఒంట్లో మందు ఉందండీ" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ నేరుగా ఫ్యాక్టరీ మిక్సింగ్ గదిలోకి దూసుకెళ్లి, "రసంలో మందు కలిపిందెవరు?" అని గర్జించాడు. మేస్త్రి బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. అక్కడితో దర్యాప్తు పూర్తయింది.

ఈ ఉదయం ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ పెద్దమ్మగారనే ఆవిడ, కూపీకి ఫోన్ చేసింది. "వాడు మందు వెయ్యలేదమ్మా. నా మాట నమ్ము. నువ్వే వాణ్ణి బయటకు తేవాలి," అని ఒకటే ఏడుపు. పన్నెండింటికి మేస్త్రిని కోర్టుకు తీసుకెళ్తారు. అక్కడ హత్యాయత్నం అని రాశారంటే, ఆ మనిషి మళ్లీ ఎప్పుడు ఇంటిముఖం చూస్తాడో చెప్పడం కష్టం.

కూపీ మేస్త్రి వైపు తేరిపార చూసింది. తల మీద పలచటి వలటోపీ అలాగే ఉంది. వెంట్రుక రాలి డ్రమ్ములో పడకూడదని పనిలో పెట్టుకునే టోపీ అది. రాత్రంతా లాకప్‌లో కూడా తీయలేదన్నమాట.

"ఏం మందు కలిపావు మేస్త్రీ?"

"రోజూ కలిపేదేనండీ."

"రోజూ!" ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "రోజూనట! రాస్కో కానిస్టేబుల్!"

"కాస్త ఆగు. దేనికోసం కలుపుతావు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. "చిన్నయ్యగారు బయట ఆ ఊసెత్తొద్దన్నారండీ. సీసా మీద లేదని రాసుకున్నాం కదా, ఉందని నేను చెప్తే ఫ్యాక్టరీ పరువు పోతుందన్నారు. అందుకే నిన్న సారుకి కూడా మందు అని చెప్పి ఊరుకున్నా."

"రసం పాడవకుండా వేసేదేనా?"

"ఆఁ. తెల్లపొడి. డ్రమ్ముకింత అని కొలత ఉందండీ. చెంచా నింపి కత్తితో చదును చేసి వేస్తా. రవ్వంత ఎక్కువ వెయ్యను, తక్కువ వెయ్యను."

ఉప్పు తిన్న ఇంటికోసం నోరు మూసుకుని లాకప్‌లో కూర్చున్నాడు మహానుభావుడు. కూపీ మరిదివైపు తిరిగింది. "చూశావా? ఆయన చెప్పింది ప్రిజర్వేటివ్. నువ్వు రాసింది విషం."

"రెండూ ఒకటే! పేపర్లో రోజూ రాస్తున్నారుగా, ఆ రసాయనాలన్నీ విషాలేనని."

"పేపర్లో రాసేది కొలత మించితే ప్రమాదమని. నిన్న స్తంభాన్ని పట్టుకుని ఆ వ్యాపారి ఏమని ఏడ్చాడు?"

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా కదిలాడు. "బావా, నువ్వొక్కడివే నన్ను అర్థం చేసుకున్నావ్... అని."

"విషం తాగినవాడు గిలగిలా కొట్టుకుంటాడు గానీ స్తంభంతో చుట్టరికం కలపడు నాయనా. సరే, మిగిలిన సీసాలేవి?"

"అన్నీ స్వాధీనం చేసుకున్నాను. ఎక్కడున్నాయో మాత్రం చెప్పను. మీరు అవతలి పార్టీ." ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "ఇక్కడి గదిలో ఎలుకలు. అందుకని చీమ కూడా దూరని చోట, ఇరవై నాలుగ్గంటలూ కాపలా ఉండే చోట పెట్టాను."

అంతలో కూపీ ఫోన్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, నా గదిలో ఏదో పులిసిన కంపు కొడుతోందే."

"పాలు విరిగి ఉంటాయి అత్తయ్యా. పనిలో ఉన్నాను."

"నా గదిలో పాలెందుకుంటాయే? మీ ఆయన్ని అడిగితే తలుపు తీసి పెట్టుకోమంటున్నాడు. వాడికి ఈపూట వంట తన వంతొచ్చిందని కోపం."

"వచ్చాక చూస్తాను," అని పెట్టేసింది కూపీ. ఆ ఇంట్లో రోజుకో కంపు, పూటకో చప్పుడు అత్తగారికి తప్ప ఇంకెవరికీ తెలియవు.

* * *

మిక్సింగ్ గదిలోకి అడుగుపెట్టాలంటే ఎవరైనా వలటోపీ పెట్టుకోవాల్సిందే. ఇన్‌స్పెక్టర్ తన పోలీసు టోపీ తియ్యనన్నాడు. చివరికి దాని మీదే వల తొడిగారు. చూస్తే మార్కెట్లో అమ్మకానికి పెట్టిన పుచ్చకాయలా ఉన్నాడు గానీ, ఆ మాట చెప్పే ధైర్యం గదిలో ఎవరికీ లేదు.

గది చిన్నదే. సిమెంటు నేల, గోడవారగా స్టీలు డ్రమ్ములు, వాటి కింద కుళాయిలు, పక్కన మూతలు బిగించే మిషను. కిటికీ దగ్గర ఒక ఇనుప అలమర. దాని తలుపు మీద ఇన్‌స్పెక్టర్ నిన్న వేసిన లక్క సీలు ఎర్రగా మెరుస్తోంది.

"విషం డబ్బా లోపలే ఉంది," అన్నాడు. "నేను సీలు వేశాక ఈ అలమర ముట్టుకున్న ప్రాణి లేదు."

కూపీ కళ్లజోడు సర్దుకుని వంగింది. "ఉందిగా."

కిటికీ చట్రం నుంచి గోడ మీదుగా, అలమర అంచు పట్టుకుని, సరిగ్గా లక్క సీలు కిందనుంచి లోపలికి ఒక చీమల బారు వెళ్తోంది. బయటకు వచ్చేవి నోట ఏదో తెల్లగా కరుచుకుని వస్తున్నాయి. పోలీసు సీలు అంటే వాటికి బొత్తిగా భయం లేదు.

ఇన్‌స్పెక్టర్ సీలు పగలగొట్టి తలుపు తీశాడు. డబ్బా చుట్టూ చీమలే, చెంచా నిండా చీమలే. కూపీ ఒక పలుకు వేలికి అద్దుకుని నాలుక్కి రాసుకుంది.

"వదినా!" ఆ కేకకు డ్రమ్ములు మోగాయి. మేడమ్ గీడమ్ అన్నీ ఎగిరిపోయాయి. "ఉమ్మెయ్యండి! ఊసెయ్యండి ముందు! మీకేదైనా అయితే అన్నయ్యకి నా మొహం ఎలా చూపించను?"

ఆ గొంతులో వణుకు నిజమైనదే. కూపీకి మరిది మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది. అయినా కేసు కేసే.

"నిన్నటినుంచి ఇన్ని చీమలు తిని, సుబ్బరంగా నడుచుకుంటూ ఇళ్లకు వెళ్తున్నాయి. నేను వెళ్లలేనా? చక్కెర నాయనా ఇది. మెత్తగా పొడి కొట్టిన చక్కెర."

"చక్కెరా?" అన్న గొంతు గుమ్మంలోంచి వచ్చింది. పెద్దమ్మగారి కొడుకు, అందరూ చిన్నయ్యగారనే అతను, వలటోపీ సగం తగిలించుకుని పరుగెత్తుకొచ్చాడు. "అసంభవం! ఆ డబ్బాలో ప్రిజర్వేటివ్ ఉండాలి!" అని అరిచి, నాలిక్కరుచుకుని, "అంటే... ఉండకూడదు," అన్నాడు.

"ఉండాలా, ఉండకూడదా?" కూపీ అడిగింది.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటారండీ? జనం సీసా తిప్పి వెనకాల చదువుతున్నారు. నోరు తిరగని పేరు ఒక్కటి కనిపిస్తే చాలు, అక్కడే పెట్టేసి పోతున్నారు. పోనీ మందు మానేద్దామంటే, అరమాసం ఆగకుండా చెడిపోయిందని అదే జనం తిరిగి తెచ్చి మొహాన కొడతారు. కాచి చల్లారిస్తే నిలవ ఉంటుంది కదా అంటే, కాచిన వాసనొస్తోందట, పచ్చి రసమే కావాలట! మందు ఉండకూడదు, కాయకూడదు, ఆరు నెలలు పాడవకూడదు. ఇన్ని కోరికలు ఒక్క సీసాలో తీర్చాలంటే కాస్త అబద్ధం కూడా కలపాలి కదండీ?"

"అందుకని లోపల ఉంచి, లేబుల్ మీద తీసేశావు."

"వేసేది అనుమతి ఇచ్చిన కొలతలోనే! పరీక్షలు చేయించాను. ఎవరికీ ఏ హానీ లేదు."

"లేనప్పుడు ఉందని రాయడానికి భయమెందుకయ్యా?" అంది కూపీ.

ఈలోగా ఫోన్ మళ్లీ మోగింది.

"అమ్మాయ్, నా మంచం కింద పామున్నట్టుందే! బుస్సుబుస్సుమని బుసకొడుతోంది!"

"ఫ్యాను చప్పుడై ఉంటుంది అత్తయ్యా."

"ఫ్యాను పైనుంటుంది, ఇది కిందనుంచి వస్తోంది! నాకు ఆమాత్రం తెలీదనుకున్నావా?"

"మంచం దిగకండి. ఆయన్ని పిలవండి," అని పెట్టేసి, కూపీ అదే ఊపులో ఆస్పత్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. "డాక్టర్‌గారూ, నిన్నటి వ్యాపారి ఒంట్లో మందు ఉందన్నారట. ఏం మందు?"

"ఏం మందేమిటండీ! దుకాణంలో సీలు వేసి అమ్మే మందు! పీకలదాకా ఎక్కించుకుని వచ్చాడు. పొద్దున్నే లేచి తల పగిలిపోతోందని ఒకటే గోల. పైగా జీవితంలో చుక్క ముట్టలేదని ప్రమాణాలు! ఇన్‌స్పెక్టర్‌గారికి నిన్ననే చెప్పాను కదా, మందు అని?"

ఇన్‌స్పెక్టర్ తల మీది పుచ్చకాయ కొద్దిగా కిందికి దిగింది.

"చెప్పారు," అంది కూపీ. "డాక్టరు ఒక మందు చెప్పాడు, మేస్త్రి ఇంకో మందు చెప్పాడు, నువ్వు రెండూ కలిపి మూడో మందు రాసుకున్నావు. కాయని పచ్చి రసం. పాడవకుండా కాపాడాల్సిన పొడి లేదు, దాని బదులు చక్కెర పడింది. మూత బిగించి ఉక్కపోసే గోడౌన్లో వారాల తరబడి పెట్టారు. సీసాలో రసం తీరిగ్గా పులిసి సారా అయి కూర్చుంది. పాపం, ఆ వ్యాపారి తెలియకుండానే తాగాడు."

"ఒప్పుకుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మొండిగా. "అయితే డబ్బాలో పొడి మార్చింది మాత్రం మేస్త్రే. తాళం వాడి దగ్గరేగా ఉండేది?"

"ఇంకో తాళం?"

"అమ్మ దగ్గర," అని చిన్నయ్యగారు అనడం, పెద్దమ్మగారు ట్రేలో టీకప్పులు పట్టుకుని లోపలికి రావడం ఒకేసారి జరిగాయి. ఆవిడ నడుముకు తాళాలగుత్తి గలగలలాడుతోంది.

కూపీ ట్రే అందుకుని డ్రమ్ము మీద పెట్టింది. "పెద్దమ్మగారూ, పొద్దున ఫోన్లో ఏమన్నారు? వాడు మందు వెయ్యలేదన్నారు."

"అవునమ్మా. వెయ్యలేదు."

"కత్తితో చదును చేసి మరీ వేశానని మేస్త్రే చెప్తున్నాడు. వేసినవాడికే తెలియదు అది మందు కాదని. మీకెలా తెలిసింది?"

పెద్దమ్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనే మార్చానమ్మా," అంది. "సీసా మీద మందు లేదని రాసి లోపల వేస్తుంటే నాకు కంటిమీద కునుకు లేదు. నా మనవరాలికి అక్షరాలొచ్చాయి. లేబుల్ చదివి, 'నానమ్మా, ఇది మంచిది, మందు లేదట' అని నా చేతే మూత తీయించుకుని తాగుతుంది. ఆ పిల్ల ముందు ఎన్నాళ్లు తల ఊపను? లేబుల్ మార్చమని వీడికి చెప్తే, అచ్చేయించేశాం కుదరదన్నాడు. పోనీ, లేబుల్ మారకపోతే లోపలిది మారుద్దామనుకున్నా. చక్కెరే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. అసలు పొడి పారేయబుద్ధి కాలేదు, నా బీరువాలో మూటకట్టి ఉంది."

"అమ్మా!" అన్నాడు చిన్నయ్యగారు.

"మరి నిన్నే చెప్పొచ్చుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెప్తే కొడుకు మునుగుతాడు, చెప్పకపోతే ఏ పాపం ఎరగని మేస్త్రి మునుగుతాడు. రాత్రంతా ఆలోచించి ఈ అమ్మాయికి ఫోన్ చేశా. తను కనిపెడితే నేను చెప్పినట్టు కాదు కదా!"

కూపీకి నవ్వూ జాలీ రెండూ వచ్చాయి. నేరస్తురాలే తనను పట్టుకోమని ఫీజు ఇచ్చి పెట్టుకోవడం ఈ వృత్తిలో ఇదే మొదటిసారి. "అబద్ధం పోగొట్టాలని చేశారు, మంచిదే. కానీ పచ్చి రసానికి కాపలా తీసేసి ఎవరికీ చెప్పకపోవడం అంతకంటే పెద్ద ముప్పు పెద్దమ్మగారూ. ఆ సీసా మీ మనవరాలు తెరిచి ఉంటే?"

పెద్దమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నయ్యగారు లేచి వెళ్లి తల్లి పక్కన నిలబడ్డాడు. "లేబుళ్లన్నీ చింపేస్తానమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"ఇదంతా బాగానే ఉంది," ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "కోర్టుకు కావలసింది కన్నీళ్లు కాదు, రుజువు. సీసాల్లో రసం పులిసిందని తేలితే గానీ మేస్త్రిని వదలను."

"ఒక్క సీసా మూత తీస్తే తేలిపోతుంది. పులిసిన రసం ఊరికే ఉండదు నాయనా, గాలి తన్నుకొస్తుంది. మూత సందుల్లోంచి కంపు వస్తుంది, బుస్సుమని..."

ఆమె అక్కడే ఆగిపోయింది. పులిసిన కంపు. బుస.

"నాయనా," అంది చాలా నెమ్మదిగా. "ఆ సీసాలు ఎక్కడ పెట్టావు?"

"ఇప్పుడు చెప్పినా పరవాలేదు. అమ్మ మంచం కింద. అంతకంటే భద్రమైన చోటెక్కడుంది? అమ్మ అసలు మంచం దిగదుగా."

ఫోన్ మోగింది. కూపీ గబుక్కున ఎత్తింది. "అత్తయ్యా! మంచం మీదే ఉన్నారా?"

"ఉండక! పాముంటే ఎలా దిగుతానే? నా చేతికర్ర అందింది. చూస్తూ ఉండు, ఒక్కటి పెడతాను వెధవని..."

"వద్దత్తయ్యా! కర్ర తగిలిందో..."

ఫోన్లో ఢామ్మని పేలింది. గాజు పెంకులు గలగలా రాలాయి. తర్వాత ఏ అలికిడీ లేదు.

"అమ్మా!" ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా! మాట్లాడమ్మా!"

కాసేపటికి గొంతు వినిపించింది. "పాము కాదురా. పరుపు అడ్డుండబట్టి బతికిపోయాను. గోడంతా ఎర్రగా ఏదో చిమ్మింది... తియ్యగా, పుల్లగా... బాగానే ఉందిరా!"

"నాకకమ్మా! దణ్ణం పెడతాను, నాకవద్దు!" ఇన్‌స్పెక్టర్ ఒక చేత్తో ఆ ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో తన ఫోన్లో స్టేషన్‌కి అరుస్తున్నాడు. "కానిస్టేబుల్! మేస్త్రిని వదిలెయ్! ఇప్పుడే, ఈ క్షణమే!"

"కారణం ఏమని రాయమంటారు సార్?"

"కారణం మా అమ్మ మంచం కింద పేలిందని రాయి!"

మేస్త్రి బయటపడ్డాడు. కూపీకి ఊపిరి ఆడింది. అది ఒక్క క్షణమే. జీపు ఎక్కుతుండగా ఆమెకు ఒక అనుమానం వచ్చింది. అంత ఫ్యాక్టరీ సరుకు ఒక్క మంచం కింద ఎలా పడుతుంది?

"నాయనా, పెట్టెలన్నీ అక్కడే పట్టాయా?"

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి తిప్పబోతూ ఆగిపోయాడు. "పట్టలేదు వదినా. సగం వంటింట్లో సర్దాను. పొయ్యి పక్కన."

ఫోన్లో అత్తగారి గొంతు ఇంకా వినపడుతూనే ఉంది. "మీ ఆయన మళ్లీ పడుకుని ఇప్పుడు లేచాడే అమ్మాయ్. ఇంత గోల జరిగినా ఇటు తొంగి చూడలేదు. వంటింట్లో ఉన్నాడు... అగ్గిపెట్టె ఎక్కడుందని అడుగుతున్నాడు, చెప్పనా?"